జననాల గడిలో సున్నా

138వ రోజు

పొద్దున్నే గుమ్మటం తలుపు దగ్గర పేరుకున్న ఎర్రదుమ్ము ఊడ్చి, గాలి మీటరు చూసి, కార్యాలయం తెరిచాను. జనాభా 1,412. మరణాలు లేవు. జననాలు లేవు.

ఈ పుస్తకం రాయడం నా ఉద్యోగంలో భాగం. గణకం ఎప్పుడైనా ఆగిపోతే ఊరి సంగతులు చెరిగిపోకూడదని, ప్రతి ఊళ్ళోనూ ఒకరు చేత్తో రాసి ఉంచాలని నియమం. గణకం అంటే పెద్దూరులో కూర్చుని అన్ని ఊళ్ళకూ గాలి, నీరు, బడి, వైద్యం పంచిపెట్టే యంత్రం. అది పద్దెనిమిదేళ్ళలో ఒక్కపూట ఆగలేదు. నేనూ రాయడం ఆపలేదు. ఇద్దరిలో జీతం తీసుకునేది నేనొక్కదాన్నే.

మా ఊరు లంకపేట. కనుచూపుమేరలో నది లేదు. అసలు ఈ గ్రహం మీదే పారే నీళ్ళు లేవు. పెద్దూరు గుమ్మటం కింద ఇళ్ళు చాలక ఇక్కడికి వచ్చిన మొదటి వంద కుటుంబాల పెద్దలూ గోదావరి వైపువాళ్ళు కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. పెద్దూరికి మూతబండిలో, అంటే గాలి బయటికి పోకుండా మూత బిగించే బండిలో, గంటన్నర ప్రయాణం. మా పురపాలక సంఘం అంటే ఐదుగురు సభ్యులు, ఛైర్మన్ సూరపరాజు గారు, జనన మరణాల రిజిస్ట్రారునైన నేను. నా పేరు మాణిక్యాంబ.

మధ్యాహ్నం గణకం నుంచి తాఖీదు వచ్చింది. "లంకపేటలో ఎనిమిదేళ్ళుగా జననాలు నమోదు కాలేదు. జననాలు లేని చోటును ఊరుగా కాక విడిదిగా పరిగణిస్తాము. 240వ రోజున ప్రసూతి గదిని తొలగిస్తాము. ఆనాటి నుంచి పసిగాలి సరఫరా ఉండదు."

రెండుసార్లు చదివాను. పసిగాలి అంటే ఏడాదిలోపు పిల్లల కోసం బాగా వడకట్టి, తడి కలిపి, వాళ్ళున్న ఇళ్ళకు గొట్టాల్లో పంపే గాలి. మేము పీల్చే గాలి వాళ్ళ ఊపిరితిత్తులకు ఓ పూటకి మించి పడదు. పసిగాలి లేని ఊళ్ళో చంటిపిల్లలు ఉండకూడదు, వెళ్ళిపోవాలి. ఇవాళ్టికి మా ఊళ్ళో పదకొండుమంది చంటిపిల్లలున్నారు. మా కోడలు హైమకి ఏడో నెల నడుస్తోంది.

141వ రోజు

సంఘం సమావేశం. సూరపరాజు గారు తాఖీదు బల్లమీద కొట్టి లేచారు.

"పిల్లలు కళ్ళెదురుగా పాకుతుంటే పుట్టలేదంటాదేంటండీ ఇది? మరి ఆకాశంలోంచి ఊడిపడ్డారా?"

"పుట్టారండీ. ఇక్కడ కాదు," అన్నాను.

విషయం చాలా చిన్నది. మొదట్లో మూతబండి లేదు, పురుళ్ళన్నీ ఇక్కడే పోసుకున్నారు. బండి పడ్డాక పాత పద్ధతి తిరిగొచ్చింది. ఏడో నెలలో తల్లి చలిమిడి పట్టుకుని రావడం, కూతుర్ని పుట్టింటికి తీసుకెళ్ళడం. మా కోడళ్ళందరి పుట్టిళ్ళూ పెద్దూరులోనే. మా ఊరి ఆడపిల్లలు పెళ్ళిళ్ళై అక్కడికి వెళ్ళి ఉంటే, వాళ్ళూ పురిటికి ఇక్కడికి వచ్చేవారు, లెక్క సరిపోయేది. కానీ ఇక్కడ పుట్టిన ఆడపిల్లల్లో పెద్దదానికి ఇంకా పదిహేడు. ఎవరి తప్పూ లేదు.

నా తప్పు ఉంది. సమావేశంలో అదీ చెప్పాను. వేరే చోట పుట్టిన బిడ్డను అరవై రోజుల్లోగా తెచ్చి చూపిస్తే మా ఊరి బిడ్డగా మార్చుకోవచ్చు. కానీ బాలింతను మూడో నెలలోనో ఐదో నెలలోనో తప్ప ఎవరు పంపుతారు? గడువు దాటి వచ్చిన ప్రతి బిడ్డనూ నియమం ప్రకారం 'అతిథి' అన్న గడిలో రాశాను. గుండ్రటి చేతిరాతతో, కొట్టివేత లేకుండా రాశాను. ఎనిమిదేళ్ళలో అరవై ముగ్గురు. మా బడిలో ఎక్కాలు చదివేవాళ్ళలో సగంమంది అతిథులే. ఏనాడైనా ఇదేమిటని ఒక్క ఉత్తరం ముక్క పైకి రాశానా? రాయలేదు. పుస్తకం శుభ్రంగా ఉంది కదా అని మురిసిపోయాను.

ఎవరూ నన్ను తిట్టకుండా, పెద్దూరు వెళ్ళి అర్జీ పెట్టి రమ్మన్నారు. తిడితే బాగుండేది.

149వ రోజు

పెద్దూరు వెళ్ళొచ్చాను. గణాంక భవనంలో శరభయ్య అనే అధికారి టీ ఇచ్చి, చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆయన పని గణకం ఇచ్చే జవాబులు చదివి వినిపించడం. అరవై ముగ్గురు అతిథులను నివాసులుగా మార్చమని అర్జీ పెట్టాను.

"మీ అభ్యర్థన న్యాయమైనది. గడువు ముగిసినది," అని చదివాడు.

"న్యాయమని అదే ఒప్పుకుంటోంది కదండీ?"

"ఒప్పుకుంటదమ్మా. అన్నీ ఒప్పుకుంటది. గడువు మాత్రం గడువే."

"మరి మేమేం చెయ్యాలి?"

మళ్ళీ అడిగి, మళ్ళీ చదివాడు. "240వ రోజులోగా మీ ప్రసూతి గదిలో ఒక్క జననం నమోదైతే చాలు. ఊరు ఊరుగానే ఉంటుంది."

ఒక్కటి. తిరుగు ప్రయాణమంతా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఊళ్ళో గర్భిణులు ముగ్గురే. ఇద్దరికి 240 దాటాకే రోజులు నిండుతాయి. మూడోది హైమ. 236వ రోజుకి.

158వ రోజు

మా వియ్యపురాలు కనకవల్లి గారు చలిమిడి డబ్బాతో, కొత్త చీరతో వచ్చారు. భోజనాలయ్యాక ఆవిడే కదిపారు.

"వదినగారూ, ఏడో నెల వెళ్ళిపోతందండి. రేపు మంచిరోజు. పిల్లని తీసుకెళ్తాను."

"వదినగారూ, ఈ పురుడు ఇక్కడే పోద్దామండి," అన్నాను. తల ఎత్తకుండానే అన్నాను.

ఆవిడ ముందు నవ్వారు, ఎకసెక్కం అనుకున్నారు. తాఖీదు చూపించి అంతా చెప్పేసరికి మొహం పాలిపోయింది.

"ఊరి లెక్కకీ మా పిల్ల కడుపుకీ ఏంటండీ సంబంధం?"

"ఏమీ లేదండి. ఉండకూడదు కూడా."

"తొలికాన్పు. అది భయస్తురాలు. బొద్దింకని చూస్తే మంచమెక్కేస్తది. మీకు తెలీదా?"

తెలుసు. మా అబ్బాయి ఉదయభాస్కర్‌ని ఏమంటావురా అని అడిగితే, "మీరిద్దరూ ఎలా అనుకుంటే అలాగేనమ్మా" అని గాలి మీటరు చూసే వంకతో బయటకు పోయాడు. అంత తెలివి చిన్నప్పటి నుంచీ ఉంది వాడికి.

అప్పుడే వీధి తలుపు దగ్గర అలికిడైంది. పదకొండుమంది తల్లులు, చంకల్లో పిల్లలతో. నేను రమ్మనలేదు. ఎవరూ ఏమీ అడగలేదు కూడా. వచ్చి వసారాలో వరసగా కూర్చున్నారు, అంతే. ఒక పిల్ల పాక్కుంటూ వెళ్ళి హైమ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

హైమ ఆ పిల్లని చూసింది, ఆ పిల్ల తల్లిని చూసింది, నన్ను చూసింది.

"ఉంటానమ్మా. ఇంతమంది నా మొహమే చూత్తా కూచుంటే ఎలా వత్తాను?"

అది ఒప్పుకోవడం కాదు. నాకు అప్పుడే తెలుసు. తెలిసీ నోరు మూసుకుని, చలిమిడి డబ్బా లోపల పెట్టించాను. కనకవల్లి గారు వెళ్తూ గుమ్మంలో ఆగి, "జాగ్రత్తండీ" అన్నారు.

187వ రోజు

ప్రసూతి గది తెరిచాం. ఎనిమిదేళ్ళుగా అందులో ఎన్నికల పెట్టెలు, పాత జెండాలు, సూరపరాజు గారి సన్మానపు ఫోటోలు దాచారు. అవన్నీ బయట పడేసి, నర్సు బేబీ సరోజిని గారూ నేనూ గోడలు కడిగాం. బేబీ సరోజిని గారికి యాభై ఎనిమిదేళ్ళు. ఆఖరి పురుడు పోసి ఎనిమిదేళ్ళయిందని తన చేతులు తనే చూసుకుంటోంది.

గది తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఎండి పెళుసుబారింది. పసిగాలి బుస్సుమని బయటికి పోతోంది. కొత్త పట్టీ పంపమని పెద్దూరు గిడ్డంగికి రాస్తే, "తొలగించబోయే గదికి విడిభాగాలు ఇవ్వబడవు" అని జవాబు.

"మరి తొలగించకుండా ఉండాలనే కదా పట్టీ అడుగుతున్నది!" అని బేబీ సరోజిని గారు ఆ కాగితంతోనే కిటికీ తుడిచింది.

సాయంత్రానికి ఊళ్ళో ఆడవాళ్ళంతా ఇళ్ళలో కుక్కర్ల మూతలకుండే రబ్బర్లు ఊడదీసి తెచ్చారు. కోసి, అతికించి, తలుపు చుట్టూ బిగించాం. గాలి నిలిచింది. ఊరంతా గంజి వార్చుకుని అన్నం వండుకుంది ఇవాళ. చాలా రోజుల తరవాత నవ్వాను.

214వ రోజు

ఈ రోజు సంగతి రాయాలని లేదు. రాస్తాను.

బేబీ సరోజిని గారు హైమ పొట్ట మీద చేత్తో చూసి నన్ను పక్కకి పిలిచింది.

"బిడ్డ అడ్డంగా ఉందండీ. ఈపాటికి తల కిందకి తిరగాలి."

"ఇంకా మూడు వారాలుంది కదండీ. తిరగదా?"

"తిరగొచ్చు. తిరక్కపోనూవచ్చు. పెద్దూరైతే లోపల ఎలా ఉందో తెర మీద చూస్తారు, ముందే కోత పెట్టుకుంటారు. నాదగ్గర నా చేతులే ఉన్నాయి. పంపెయ్యమంటే ఇప్పుడే పంపేద్దామండి."

హైమ లోపలి నుంచి అన్నీ వింది. మెల్లగా వచ్చి నా పక్కన నిలబడింది.

"అత్తయ్యా, నేను మా అమ్మ దగ్గరకి వెళ్ళిపోనా?"

ఆ పిల్ల ఈ ఇంట్లో కాలు పెట్టిన మూడేళ్ళలో నన్ను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. వెళ్ళమ్మా అనడానికి ఎంత మాట! కానీ వసారాలో కూర్చున్న పదకొండుమంది కళ్ళముందు మెదిలారు. నా పుస్తకంలోని అరవై మూడు గళ్ళు మెదిలాయి. నేను చేసిన తప్పును దిద్దుకునే దారి ఆ పిల్ల కడుపులో ఉందని నాకు పిచ్చి పట్టింది, అంతకంటే వేరే మాట లేదు.

"తిరుగుతుందిలేమ్మా. ఇంకో వారం చూద్దాం," అన్నాను.

సరేనని తలూపి వెళ్ళి పడుకుంది.

226వ రోజు

తిరిగిందో లేదో చెప్పలేనంటోంది బేబీ సరోజిని గారు. ఒకసారి తిరిగినట్టే ఉందంటుంది, ఒకసారి కాదంటుంది. ఇంకో వారం అన్నదాన్ని వారం దాటినా ఆ మాట ఎత్తలేదు. హైమ మళ్ళీ అడగలేదు. గదికి మామిడాకులు కట్టాలని సూరపరాజు గారి పట్టుదల. ఆకులెక్కడివి, ఆకుపచ్చ కాగితం కత్తిరించి కట్టించారు.

233వ రోజు

ఉదయం తొమ్మిదింటికి నొప్పులు మొదలయ్యాయి. గదిలోకి తీసుకెళ్ళాం. పదకొండు దాటినా కదలిక లేదు. పన్నెండింటికి రక్తం కనిపించింది. బేబీ సరోజిని గారు చేతులు బయటికి తీసి నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"అడ్డంగానే ఉందండీ. నావల్ల కాదు. బండి పిలవండి."

పిలిచాను. ఒక్క క్షణమైనా ఆలోచించకుండానే పిలిచాను. ఈ మాట నా మెప్పు కోసం రాయడం లేదు. ఆలోచించాల్సిన రోజున ఆలోచించకుండా, ఇప్పుడు పరిగెడితే అందులో గొప్పేముంది?

బయట ఊరంతా నిలబడి ఉంది. హైమ మంచాన్ని బండి దగ్గరకు తెస్తుంటే దారిచ్చారు. పదకొండుమంది తల్లుల్లో ఒకామె ఏడుస్తూ, "వెళ్ళిపోమ్మా, వెళ్ళిపో, మా సంగతి వదిలెయ్" అని హైమ చెయ్యి నిమిరింది. బేబీ సరోజిని గారు బండి గుమ్మంలో నిలబడి, పై ఆసుపత్రికి పంపే చీటీ గబగబా నింపి డ్రైవరు చేతిలో పెట్టింది. పేరు, నెల, ఎక్కడికి, ఎందుకు. ఉదయభాస్కర్ హైమతో బండెక్కాడు. మూత పడింది.

గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నరా నేను ప్రసూతి గదిలో నేల కడుగుతూ కూర్చున్నాను. కడిగిందే కడిగాను.

234వ రోజు

ఆడపిల్ల. రెండు కిలోల ఏడువందల గ్రాములు. పెద్దూరులో పుట్టింది. క్షేమం.

హైమ బతికింది. రక్తం ఆగక గర్భసంచి తీసేశారట. ఇంకో కాన్పు ఉండదు. ఏడో నెలలోనో, కనీసం మూడు వారాల ముందైనా వచ్చి ఉంటే ముందే చూసి, తేలిగ్గా బయటికి తీసేవాళ్ళమని డాక్టరు చెప్పిందట. ఇది నాకు ఫోన్లో చెప్పింది కనకవల్లి గారు. తిడతారని కాచుకుని ఉన్నాను.

"మీరు తిన్నారా వదినగారూ?" అని అడిగారు.



237వ రోజు

మూటలు కడుతున్నారు. పదకొండు ఇళ్ళలోనూ. భర్తలకు ఇక్కడ పనులు కాబట్టి తల్లులూ పిల్లలూ మాత్రమే వెళ్తారు. ప్రయాణ పత్రాల మీద నా సంతకం కావాలి. నాలుగు పెట్టాను. మిగతావి రేపు పెడతానని పంపేశాను. మూడు రోజుల్లో విడిదిగా మారే ఊళ్ళో రిజిస్ట్రారు సంతకానికి విలువేమిటో నాకు తెలియదు.

239వ రోజు

గణకం నుంచి తాఖీదు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"233వ రోజున లంకపేట ప్రసూతి గది నుంచి చీటీపై పంపబడిన గర్భిణికి జననం కలిగినది. చీటీపై పంపబడిన వారి జననం, పంపిన గదికే చెందును. లంకపేట జననాలు: ఒకటి. ఊరుగా కొనసాగును."

ఊళ్ళో బాణసంచా లేదు కాబట్టి పళ్ళేలు మోగించారు. కట్టిన మూటలు విప్పేశారు. సూరపరాజు గారు దండ తెచ్చారు. నేను తలుపు తీయలేదు. ఆ తాఖీదు మధ్య వాక్యం దగ్గరే ఆగిపోయి ఉన్నాను. చీటీపై పంపబడిన వారి జననం, పంపిన గదికే చెందును.

పరుగున వెళ్ళి బేబీ సరోజిని గారిని అడిగాను. ఆవిడ వైద్య విభాగం నియమాల పుస్తకం తీసింది. ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఉంది. ఏ కారణం మీదైనా, ఏ నెలలోనైనా చీటీ రాసి పంపవచ్చు. నాది నమోదు విభాగం, ఆ పుస్తకం నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఆవిడకేమో చీటీ అంటే జబ్బు చేసినవాళ్ళకి.

"పుట్టింటికెళ్ళే పిల్లకి చీటీ ఏంటండీ?" అంది. అని, తనే కుర్చీలో కూలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పెద్దూరికి ఫోను చేసి శరభయ్యను అడిగాను. ఇది ముందే ఎందుకు చెప్పలేదయ్యా అని అరిచాను. పాపం, గణకాన్ని అడిగి చదివాడు. "చీటీల గురించి మీరు అడిగి ఉండలేదు."

అంటే 158వ రోజున కనకవల్లి గారు చలిమిడి తెచ్చినప్పుడు ఒక చీటీ రాసి చేతిలో పెట్టి ఉంటే సరిపోయేది. హైమ వాళ్ళమ్మ దగ్గర ఉండేది. తేలిగ్గా కనేది. ఊరూ నిలిచేది. నేను ఆ పిల్లను ఆపి సాధించింది సున్నా.

262వ రోజు

ఇవాళ నూకరత్నం వచ్చింది, వడ్రంగి సత్తిబాబు భార్య. ఏడో నెల. వెనకే వాళ్ళమ్మ, చేతిలో చలిమిడి డబ్బా. చీటీ సంగతి ఇప్పుడు ఊరందరికీ తెలుసు. బేబీ సరోజిని గారు నా బల్ల మీదే నాలుగు గళ్ళూ నింపింది.

"ఎందుకు అన్న చోట ఏం రాయమంటారండీ?"

"పుట్టిల్లు అని రాయండి," అన్నాను. గణకం ఒప్పుకుంది.

"ఇంతేనా పిన్నిగారూ?" అంది నూకరత్నం.

"ఇంతేనమ్మా."

ఒక్క నిమిషం పట్టలేదు. తల్లీకూతుళ్ళు నవ్వుకుంటూ బండి దగ్గరకు వెళ్ళారు. నేను తలుపు వేసుకుని ఏడ్చాను.

మధ్యాహ్నం హైమ ఫోను చేసింది. గొంతులో ఇంకా నీరసం పోలేదు. పాప నవ్వు నేర్చిందని చెప్పింది. తనే నన్ను ఓదార్చింది.

"పోన్లెండి అత్తయ్యా, బాధపడకండి. నేనక్కడ ఉండబట్టే కదా ఆ పదకొండుమంది పిల్లలూ ఉండిపోయారు. అది తల్చుకుంటే నాకు కొంచెం నయంగా ఉంటందండి."

మూడో నెల నిండగానే పాపను తీసుకుని వస్తానంది. పసిగాలి ఉంది, రావచ్చు. ఇంకా రెండు నెలలు. బండి దిగి పది అడుగులు వేసేలోగా ఎవరో ఒకరు చీటీ సంగతి చెప్పేస్తారు, మంచి మనసుతోనే చెప్తారు. అందుకని ముందు నేనే చెప్పాలి. ఇవాళ చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. "నీళ్ళు కాచుకుని తాగమ్మా" అని పెట్టేశాను.

జనాభా 1,413. మరణాలు లేవు. జననాలు లేవు.